బోణీ కాకముందు రేడియోలో

పంపాపతి రోజూ పొద్దున్నే ఇద్దరితో మాట్లాడేవాడు. మొదట లక్ష్మీదేవితో, తర్వాత రేడియోతో. అమ్మవారితో మాట్లాడేటప్పుడు గొంతు బాగా తగ్గించేవాడు. ఆ లోటంతా రేడియో దగ్గర తీర్చుకునేవాడు.

బళ్లారి బజారులో పత్తి కాటా సందు అని ఒక ఇరుకు సందు ఉంది. ఇప్పుడక్కడ పత్తీ లేదు, కాటా లేదు. పాత్రలవాళ్ళు, బట్టలవాళ్ళు, తాళ్ళూ చాపలూ అమ్మేవాళ్ళు ఉన్నారు. సందులో నడిమి అంగడి పంపాపతిది. తాత బండి మీద ఇత్తడి చెంబులు పెట్టుకుని అమ్మిన చోటే నాయన గోడలు లేపాడు. పంపాపతి ఆ గోడల నిండా స్టీలు బిందెలూ గుండిగలూ తగిలించాడు. పెళ్ళి సామాను తన దగ్గర కొంటే, పాత్రల మీద పేరు కొట్టినందుకు డబ్బు తీసుకునేవాడు కాదు.

గడపకు పసుపు పూసి, పటానికి ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టెకు దండం పెట్టి కూర్చునేసరికి కోటె ఎఫ్ఎంలో 'బెళగిన బజార్' మొదలయ్యేది. పొద్దుటి బజారన్నమాట. హారతి అనే అమ్మాయి సగం కన్నడం, సగం తెలుగు, మధ్యలో నవ్వు కలిపి ఆ కార్యక్రమం నడిపేది. ఎండుమిరప ఏ ధర పలికింది, బంగారం ఇప్పుడు కొనాలా ఆగాలా, జీన్స్ కుట్టేవాళ్ళకు కరెంటు ఎందుకు పోతోంది, కోడలు ఫోన్ చూస్తూ రొట్టె మాడిస్తే ఏం చేయాలి, అన్నీ ఒకే ఊపిరిలో మాట్లాడించేది. వారానికోసారి షేర్ల పెద్దమనిషి వచ్చి, భయపడకుండా కొనండి, పదేళ్ళు మరిచిపోండి అని చెప్పేవాడు.

"ఎవరి దుడ్డుతోనప్పా కొనేది? మీ మామదా?" అని పంపాపతి రేడియోను నిలదీసేవాడు. "పదేండ్లు మరిసిపోతే మా యింట్లో ఎవరు గుర్తు పెట్టుకోవల్ల? నువ్వొస్తావా జ్ఞాపకం చేసేకి?"

ఆయన తిట్లన్నీ ఇలా ప్రశ్నలే. సందులో ఎవరూ గమనించలేదు కానీ, దానికొక కారణం ఉంది. బోణీ అయ్యేదాకా పంపాపతి నోటి నుంచి 'లేదు' అనే మాట రాదు. చిన్నప్పుడు నాయన గడప దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పిన నియమం అది. "పొద్దున్నే లక్ష్మి గడపకాడికొచ్చి నిలబడి, లోపలికి పోవాల్నా వద్దా అని సూస్తాంటాదిరా. నువ్వు లేదన్నావనుకో, ఓహో ఈడ యామీ లేదంట అని పక్కంగడికి పోతాది." లేదు మాత్రమే కాదు, నష్టం, తక్కువ, కష్టం, మూత, ఇవేవీ బోణీకి ముందు అనకూడదు. చేతి నుంచి పైసా బయటికి పోకూడదు. అంగట్లో లేని సరుకు అడిగితే "ఉండాది, రేపొస్తాది" అనాలి. కొన్ని సరుకులు అలా ఏళ్ళ తరబడి రేపు వస్తూనే ఉన్నాయి.

ఈ నియమం సందులో అందరికీ ఉన్నదే. ఎవరి నాయన వాళ్ళకు చెప్పాడు.

దసరా వెళ్ళాక ఎవరో మనుషులు మిషనుతో వచ్చి, సందు మొగదల అడ్డంగా ఇంత లోతు గుంత తవ్వి వెళ్ళిపోయారు. తవ్వింది ఎవరో తెలియదు. నీళ్ళవాళ్ళను అడిగితే కేబులువాళ్ళన్నారు. కేబులువాళ్ళను అడిగితే మురిక్కాలవవాళ్ళన్నారు. మురిక్కాలవవాళ్ళు ఆ సందులో తమకు కాలవ ఉన్నట్టే తెలియదని ఆశ్చర్యపోయారు. సందువాళ్ళే ఒక పలక తెచ్చి అడ్డంగా వేశారు. వట్టి చేతులతో దాని మీద రావచ్చు. నెత్తిన హండాలాంటి పెద్ద పాత్ర పెట్టుకుని పోవడం సర్కసువాళ్ళకే సాధ్యం.

ఉగాది దాటితే పెళ్ళి ముహూర్తాలు. మోక నుంచి, సంగనకల్లు నుంచి జనం టెంపోలు మాట్లాడుకుని పాత్రలు కొనడానికి వస్తారు. ఆ రెండు నెలల బేరమే పంపాపతికి ఏడాదంతా అన్నం పెడుతుంది. గుంత అలాగే ఉంటే ఆ టెంపోలు పెద్దరోడ్డు మీది అద్దాల అంగడికి పోతాయి. ఈ సీజను పోతే తన అంగడి ఇక నిలవదని పంపాపతికి తెలుసు. ఎవరితోనూ అనలేదు. బోణీ అయ్యాక అనడానికి మధ్యాహ్నాలు ఉన్నాయి కదా, అయినా అనలేదు. కొత్త సరుకు తెప్పించడం ఆపేసినప్పుడే భార్య లక్ష్మీకాంతమ్మకు అర్థమైంది.

అలాంటప్పుడు ఎదురు జీన్స్ అంగడి మౌనేశ్ ఒక కబురు తెచ్చాడు. సందు వ్యాపారుల సంఘానికి కార్యదర్శి అతనే. సంఘమూ అతనే పెట్టాడు, కార్యదర్శినీ అతనే ఎన్నుకున్నాడు.

"మామా, కోటె ఎఫ్ఎంలో రోడ్లు, వ్యాపారం అని ప్రోగ్రాం పెడతాండారు. ఇంజనీర్ సారు ఫోన్ లైన్లో ఉంటాడంట. మన సందు నుంచి ఒకరు పోయి నేరుగా అడగొచ్చంట. నువ్వే పోవల్ల."

"నేనెందుకప్పా? నువ్వు సదువుకున్నోడివి."

"దినామూ రేడియో తోడ కొట్లాడేది నువ్వే కదా. బయట నుంచి ఎంతకాలం కొట్లాడతావు? లోపలికే పో."

సందంతా నవ్వింది. ఆ మధ్యాహ్నమే రిహార్సలు కూడా జరిగింది. మౌనేశ్ చెయ్యి మైకులా పెడితే, పంపాపతి బల్ల మీద గుద్ది, "సార్, గిరాకీ లేదు! దోవ లేదు! అడిగే దిక్కే లేదు!" అని అరిచాడు. తాళ్ళ అంగడివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేడియోలో మాట్లాడాల్సింది పొద్దున్నే అనీ, అప్పటికి బోణీ అయివుండదనీ ఒక్కరికీ తట్టలేదు. అందరూ తరతరాల వ్యాపారులే మరి.

మర్నాడు పంపాపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని, హారతికి ఇవ్వడానికి ఆమె పేరు కొట్టిన ఇత్తడి చెంబు ఒకటి చేతిలో పట్టుకుని బయల్దేరాడు. కోటె ఎఫ్ఎం ఒక మిద్దె మీద ఉంది. మెట్లెక్కుతుంటే లక్ష్మీకాంతమ్మ ఫోన్ చేసింది.

"అంగడి మీరొచ్చినాక తెరుస్తారా, నన్ను తెరవమంటారా?"

పంపాపతి కాలు మెట్టు మీదే ఆగిపోయింది. అంగడి తెరవలేదు. అంటే బోణీ కాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ వేళప్పుడు గద్దె దిగి ఎక్కడికీ పోయినవాడు కాదు. బోణీ కాకుండా తాను ఊళ్ళో తిరుగుతున్నానన్న సంగతి, పంచె కట్టుకోకుండా వచ్చానని తెలిసినట్టు తెలిసింది.

గబగబా మెట్లెక్కి, హారతి ఎదురుగా రాగానే చెంబు చాచాడు. "తల్లీ, ఈ చెంబు కొనుక్కో."

"అయ్యో, గిఫ్టా అంకుల్? థ్యాంక్యూ! నన్న హెసరు, నా పేరు కూడా ఉంది!"

"గిఫ్టు అనుకోవద్దమ్మా, బేరమే. ఒక్క రూపాయి ఇయ్యి. నీ పుణ్యముంటాది."

హారతి ఆయన్ను ఎగాదిగా చూసింది. రేడియోకు వచ్చేవాళ్ళలో రకరకాల మనుషులు ఉంటారు. "క్యాష్ పెట్టుకోను అంకుల్. ఫోన్ పే చేస్తా, ఆయ్తా? ఫోన్ బయట ట్రేలో పెట్టినా. లోపలికి తేకూడదు. ముగిసినాక పంపిస్తా."

"ముగిసినాక ఎందుకమ్మా, ఇప్పుడే..."

అద్దం అవతల ఎవరో చెయ్యి ఊపారు. హారతి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించింది. ఎర్రలైటు వెలిగింది.

"నమస్కార బళ్లారీ! ఈ పొద్దు మన జతకి పత్తి కాటా సందు నుంచి పాత్రల అంగడి పంపాపతి అంకుల్ ఉన్నారు. లైన్లో ఇంజనీర్ సార్ కూడా ఉన్నారు. హేళి అంకుల్, చెప్పండి. మీ సందులో గుంత తవ్వి విడిచిపెట్టినారంట. గిరాకీ తగ్గిపోయిందా?"

పంపాపతి కళ్ళ ముందు మూసిన అంగడీ, దాని ముందు కడగని గడపా, ఆ గడప దగ్గర నిలబడి చెవి ఒగ్గి వింటున్న లక్ష్మీదేవీ కనపడ్డారు. తన గొంతు ఊరంతా వినపడుతోంది. అమ్మవారికి మాత్రం వినపడకుండా ఉంటుందా?

"అమ్మవారి దయ," అన్నాడు. "నిండుగా ఉండాది."

"ఏంది అంకుల్, నిండుగా ఉండేది?"

"అన్నీ."

"గుంత సంగతి అడుగుతాండా నేను."

"అదీ నిండుగానే ఉండాది తల్లీ. నీళ్ళు కూడా ఊరినాయి."

అద్దం అవతల మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హారతి మళ్ళీ అందించింది. "అంటే జనానికి దాటేకి కష్టమవుతాంది కదా అంకుల్?"

"వస్తాండారు. పలక మీద వస్తాండారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని, చానా..." మంచి మాట కోసం వెతికాడు. "చానా అన్యోన్యంగా వస్తాండారు."

ఇంజనీరు గొంతు హాయిగా గలగలలాడింది. "అయితే మీ ట్రేడర్స్‌కి అంత తొందరేం లేదన్నమాట."

"ఉండాది సార్!" పంపాపతికి ప్రాణం లేచివచ్చింది. ఆ మాట అనడానికి ఏ అడ్డూ లేదు. "తొందర చానా ఉండాది!"

"ఎందుకండీ, వ్యాపారం నిండుగా ఉందంటున్నారు కదా?"

పంపాపతి ఉక్కిరిబిక్కిరయ్యాడు. కారణం చెప్పాలంటే ఆ మాటల్లో ప్రతి ఒక్కటీ నోట్లోంచి రానివ్వకూడనిదే. "ఇంకా నిండుగా ఉండల్లని సార్," అన్నాడు చివరికి.

"వెరీ గుడ్! చూడండి హారతిగారూ, ఇట్లాంటి మంచి మనసు అన్ని సందులవాళ్ళకూ ఉంటే మాకెంత సులభం! కష్టంలో ఉన్నవాళ్ళది ముందు చేస్తాం. వీళ్ళది వానలు వెళ్ళాక నిదానంగా చూద్దాం."

ఎర్రలైటు ఆరింది. హారతి ట్రేలోంచి ఫోన్ తీసి ఒక్క రూపాయి పంపింది. బోణీ అయింది.

పంపాపతి సందుకు తిరిగొచ్చేసరికి అందరూ అంగళ్ళ ముందు నిలబడి ఉన్నారు. మౌనేశ్ మొహం ఎండుమిరపలా ఉంది.

"అన్యోన్యంగానా? మామా, నిన్న ఆ ముసలమ్మ గుంతలో పడితే నలుగురం లాగినామే, అదా నీ అన్యోన్యం? వానలు పోయినాకంట! అప్పటికి మన అంగళ్ళు..."

అక్కడ మౌనేశ్ చటుక్కున నోరు మూసుకున్నాడు. ఎందుకంటే అతనికీ బోణీ కాలేదు. తాళ్ళ అంగడివాళ్ళూ నోళ్ళు తెరిచారు, మూశారు. తిట్టడానికి సందు నిండా మాటలున్నాయి, ఒక్కటీ బయటికి తీసే వీలు లేదు.

"ఉండు మామా, బోణీ కానీ," అన్నాడు మౌనేశ్ పళ్ళు బిగబట్టి. "అప్పుడు మాట్లాడతా నీ తోడ."

"బోణీ కాకనే కదప్పా నేనూ..." అన్నాడు పంపాపతి దీనంగా.

అప్పుడు అర్థమైంది అందరికీ. కోపం పోలేదు కానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తమలో ఎవరు వెళ్ళినా ఇదే చేసివుండేవాళ్ళు.

"ముందే చెప్పింటే నేనొక చెంచా కొని నీకు బోణీ చేసేటోణ్ణి కదా," అన్నాడు మౌనేశ్.

"నీ బోణీ కాకుండా నీ చేతి నుంచి దుడ్డు ఎట్ల తీస్తావు?"

మౌనేశ్ ఆలోచించి, తీయనని ఒప్పుకున్నాడు.

ఆ రోజు గుంత పుణ్యాన బోణీలు నిదానంగా అయ్యాయి. అయినవాళ్ళు అయినట్టు ఒక్కొక్కరే వచ్చి, పంపాపతి ముందు నిలబడి, పొద్దుటి నుంచి దాచుకున్నది దించుకుని పోయారు. తాళ్ళ అంగడి ఆయన భోజనం కూడా మానుకుని వచ్చాడు. మౌనేశ్ వంతు సాయంత్రానికి గానీ రాలేదు. అప్పటికి అతని కోపం చల్లారిపోయింది. అయినా మాట ఇచ్చాడు కాబట్టి, మర్యాదకు కొంచెం తిట్టాడు.

కానీ అసలు శిక్ష మరునాటి నుంచి మొదలైంది. హారతి కార్యక్రమంలోని ఆ ముక్క ఊళ్ళో వాట్సాప్ అంతా తిరిగింది. పత్తి కాటా సందులో పాత్రల అంగడి నిండుగా ఉందట అని తెలియనివాళ్ళు లేరు. జాతర చందావాళ్ళు ఈసారి రెండింతలు ఇమ్మని తెల్లారేసరికి గడప ముందున్నారు, బోణీకి ముందు వస్తే లేదనడని వాళ్ళకూ తెలుసు. ఇన్సూరెన్సు అతను వచ్చాడు. ఎన్నడూ పలకరించని పెద్దమ్మ కొడుకు హొసపేట నుంచి ఫోన్ చేసి, "బాగుండావంటనే!" అని నిష్ఠూరంగా అన్నాడు. అందరికీ పంపాపతి ఒకటే జవాబు చెప్పాడు. ఉండాది, రేపొస్తాది. పాత్రలు కొనేవాళ్ళు మాత్రం రాలేదు.

మధ్యాహ్నం లక్ష్మీకాంతమ్మ క్యారియరు తెచ్చింది. జొన్నరొట్టె, నూనె వంకాయ, మజ్జిగ. పంపాపతి తినడం లేదు, రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేస్తున్నాడు. ఆమె కాసేపు చూసింది.

"ఒకటి అడుగుతా, కోపం చేసుకోకండి. లక్ష్మి దినామూ పొద్దున్నే మన గడపకాడికొస్తాది కదా. యా దోవన వస్తాది?"

"సందు మొగదల నుంచే. ఇంగే దోవ ఉండాది?"

"అట్లయితే ఆ పలక మీద నుంచే రావల్ల."

పంపాపతి రొట్టె తుంచడం ఆపాడు.

"పట్టుచీర, ఒంటి నిండా నగలు," అంది ఆమె, పటం వైపు చూస్తూ. "ఒక చేతిలో పువ్వు, ఒక చేతిలో కలశం. పట్టుకునేకి చెయ్యి యాడుండాది? పైగా జతలో రెండు ఏనుగులు. మనం వేసింది ఒక్క పలక."

"అమ్మవారి మీద పరాచికాలా? పాపం తగుల్తాది."

"పరాచికం కాదండీ, సందేహం. మీరేమో ఆయమ్మ గడపకాడ నిలబడి వింటాందని నోరు మూసుకుంటాండారు. ఆయమ్మ ఆ ఒడ్డునే నిలబడిపోయి, దోవ లేదని ఎవుడన్నా ఒక్కడు గట్టిగా చెప్పకూడదా అని సూస్తాందేమో. మనకేం తెలుసు?"

పంపాపతి రొట్టె ముక్కలు అలాగే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆ సాయంత్రం అంగడి మూసేముందు సందు మొగదలకు వెళ్ళి, గుంత ఒడ్డున కాసేపు నిలబడ్డాడు. పలకను కాలితో నొక్కి చూశాడు. అది ఊగింది. మనిషికే ఊగుతోంది.

మర్నాడు గడపకు పసుపు పూశాడు, ఊదుబత్తి వెలిగించాడు. రోజూ చెప్పే శ్లోకం అయ్యాక, "అమ్మా, ఈ పొద్దు స్వల్ప ఓర్చుకో," అన్నాడు. నాయన పటం వైపు మాత్రం చూడలేదు. లక్ష్మీకాంతమ్మ ఎందుకో ఆ రోజు తానూ వచ్చి లోపల స్టూలు మీద కూర్చుంది.

రేడియోలో 'బెళగిన బజార్' మొదలైంది. పంపాపతి ఫోన్ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. మళ్ళీ బిజీ. వదిలేద్దామా అనుకునేలోపే హారతి గొంతు వినపడింది. "హలో, యారు మాతాడోదు?"

"పాత్రల అంగడి పంపాపతిని తల్లీ."

"అయ్యో, అన్యోన్య అంకుల్! బళ్లారీ, గొత్తాయ్తా ఎవరో?"

"ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమమ్మా. నిజం చెప్పేకి చేసినా."

"హేళి అంకుల్."

పంపాపతి గడప వైపు చూశాడు. ఎదురుగా మౌనేశ్ షట్టరు సగం ఎత్తి, అలాగే పట్టుకుని చూస్తున్నాడు. తాళ్ళ అంగడివాళ్ళ రేడియోలో తన గొంతు తనకే వినపడుతోంది.

"గిరాకీ లేదు," అన్నాడు.

ఆకాశం విరిగిపడలేదు. ఊదుబత్తి పొగ వంకర కూడా తిరగలేదు.

"గిరాకీ లేదమ్మా. దోవ లేదు. ఆ గుంత తవ్విన కాడ నుంచి పెండ్లి సామాను ఒక్కటీ పోలేదు. ఈ సీజను పోతే నా అంగడి ఉండదు. నాదొక్కటే కాదు, సందులో ఎవరిదీ ఉండదు. జనం అన్యోన్యంగా రావట్లేదు, పడతాండారు!"

ఇక ఆగలేకపోయాడు. నలభై ఏళ్ళ పొద్దుటిపూటలు లోపల దాచిపెట్టినవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చాయి. "రాఘవేంద్ర కాలనీ ముసలాయన అడిగే ఐదు గిన్నెల క్యారియరు రేపు రాదు! ఎల్లుండీ రాదు! దాన్ని చేసే కంపెనీనే మూసేసినారు! పోయిన ఉగాదికి మా బామ్మర్ది బాగుండావా అనడిగినాడు, బాగలేను! మీ షేర్ల సారు చెప్పేది ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు! జాతరకు రెండింతల చందా లేదు, పోయిన ఏడు ఇచ్చినంతే! ఇన్సూరెన్సు వద్దు!"

అటువైపు హారతి, మొదటిసారి నవ్వకుండా, "ఇంజనీర్ సార్‌కి ఈగలే, ఇప్పుడే లైన్ కలపండి," అంది ఎవరితోనో.

ఇంజనీరు దొరకడానికి కాసేపు పట్టింది. ఆ లోపల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. సంగనకల్లు నుంచి ఒకాయన తమకు పొద్దుటి బస్సు లేదన్నాడు. తారానగర్ నుంచి ఒకావిడ దుమ్ము తప్ప ఇంకేమీ లేదంది. మోక నుంచి ఎవరో ఇంట్లో చక్కెర లేదని చెప్పడానికి కూడా ఫోన్ చేశారు. ప్రకటనలు వేయడం మరిచిపోయినందుకు హారతికి తర్వాత పైవాళ్ళు చీవాట్లు పెట్టారట. ఇంజనీరు దొరికాక, "ఆ రోజు వాళ్ళే బాగుందన్నారు కదా," అని మొదలుపెట్టి, "వారంలో చేయిస్తాం," అని ముగించాడు.

సందంతా పంపాపతి చుట్టూ చేరింది. మౌనేశ్ ఆయన భుజం చరిచి, ఏదో అనబోయి, బోణీ కాలేదని గుర్తొచ్చి, వట్టి దండం పెట్టాడు.

ఆ రోజు పంపాపతి అంగట్లో బోణీ కానే కాలేదు. నాయన పోయిన రోజు తప్ప అలా ఎన్నడూ జరగలేదు. దీపాలవేళ దాకా గద్దె మీద కూర్చుని, గడప వైపే చూశాడు. అమ్మవారికి కోపం వచ్చిందా, లేక గుంత ఇంకా పూడలేదు కాబట్టి రాలేకపోయిందా? ఎవరిని అడగాలి? పూజారిని అడిగితే శాంతి చేయమంటాడు. ఇంజనీరును అడిగితే వారం అంటాడు. రెండూ నమ్మేటట్టు లేవని మనసులో అనుకుని, అలా అనుకున్నందుకు చెంపలేసుకుని షట్టరు దించాడు.

వారం అన్నది రెండు వారాలైంది కానీ, ఉగాదికి ముందే ఒక పొద్దున ట్రాక్టర్లు వచ్చాయి. గుంతలో కంకరా మట్టీ పోసి, తొక్కించి, పైన బండలు పరిచి పోయారు. వచ్చినవాళ్ళు ఏ ఆఫీసువాళ్ళో అడుగుదామనుకునేలోపే వెళ్ళిపోయారు. బండలు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. అయినా టెంపో లోపలికి వస్తుంది. మౌనేశ్ సంఘం తరఫున కొబ్బరికాయ కొట్టాడు.

ముహూర్తాలు మొదలయ్యాక మొదటి టెంపో మోక నుంచి వచ్చింది. ఇంకా ఊదుబత్తి కూడా సగం కాలలేదు. అందులోంచి దురుగమ్మ దిగింది. మనవరాలి పెళ్ళికి సామాను కావాలి. బజారులో ఎన్ని పెళ్ళిళ్ళ సామాను కొన్న మనిషో, పొద్దున్నే, అంగడివాడు ఇంకా బోణీ కోసం ఎదురుచూస్తున్నప్పుడే రావాలని ఆమెకు బాగా తెలుసు. అప్పుడు వ్యాపారి కాదనలేడు.

హండా, గుండిగలు, బిందెలు, పళ్ళాలు అన్నీ ఎంచి ఒక పక్కన పెట్టించింది. పంపాపతి ధర చెప్పాడు. దురుగమ్మ నవ్వి, అందులో సగం కంటే కిందికి దిగింది.

"బోణీ బేరమప్పా. నా చెయ్యి మంచిది. వచ్చినకాడికి ఇచ్చెయ్యి, లేదనకు."

ఆ ధరకు ఇస్తే సీజను మొదటి బేరమే మునిగినట్టు. పంపాపతి నోరు తెరిచాడు. రేడియోలో ఊరంతటికీ వినపడేలా అన్న మాటే, ఒక్క మాట. రాలేదు. ఆ పొద్దు సందు కోసం అన్నాడు, అమ్మవారు ఓర్చుకుంది. ఇప్పుడు తన లాభం కోసం అనడానికి నాలుక తిరగలేదు. "ఉండాది... చూద్దాం... అమ్మవారి దయ..." అంటూ నసిగాడు. దురుగమ్మ కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది.

"లేదు దురుగమ్మా. ఆ రేటుకు కుదరదు."

లోపలి నుంచి కాఫీ గ్లాసు పట్టుకొచ్చిన లక్ష్మీకాంతమ్మ మాట అది. పంపాపతి అదిరిపడ్డాడు.

"ఏందే! బోణీ ఇంకా కావల్ల!"

"తెలుసు."

"మరి ఆ మాట అంటాండావే? మా నాయన..."

"మీ నాయన మీకు చెప్పినాడు," అంది ఆమె, గ్లాసు ఆయన చేతిలో పెట్టి. "నాకేమీ చెప్పలేదు."

దురుగమ్మ ముడి విప్పుతున్న చెయ్యి ఆపి, ఆమెను కింద నుంచి పై దాకా చూసింది. తర్వాత చీర సర్దుకుని గడప మీద కూలబడింది. బేరానికి సరైన మనిషి దొరికినప్పటి తీరిక అది.

"సరేలే అక్కా. నీతోనే మాట్లాడతా. నువ్వు చెప్పు, హండా ఎంత? ఆ పైనుండే పెద్దది కూడా దించమను."

పంపాపతి కాఫీ గుక్కలో తాగేసి, జరిగి గద్దె మీద భార్యకు చోటిచ్చి, పెద్ద హండా కోసం నిచ్చెన ఎక్కాడు.